రెబ్కాకి వెయ్యాల్సిన ప్లేటు

యేసుపాదం ప్రత్తిపాడులో మైకు గొట్టం కట్టి గ్రామఫోను ప్లేటు వేశాడంటే గుంటూరు కోర్టులో జడ్జీగారు కళ్ళజోడు తీసి కేసు కాసేపు వాయిదా వేసేవారు. అటు చీరాల సముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చి చెవులొగ్గేవి. అంత మొనగాడు. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళి పందిరికైనా, ఏ చావు షామియానాకైనా ఆయన గొట్టం మోగితేనే నిండుదనం. అలాంటి మనిషి ఇవాళ తన సొంత ఇంటి ముందు, అద్దె ప్లాస్టిక్ కుర్చీలో, తువ్వాల్లో చుట్టిన ప్లేటొకటి ఒళ్ళో పెట్టుకుని నోరు లేనివాడిలా కూర్చున్నాడు. ఎదురుగా ఫ్రీజర్ పెట్టెలో ఆయన భార్య రెబ్కా పడుకుని ఉంది. ఆమె తమ్ముడు సత్తెనపల్లిలో బస్సెక్కాడట. అతను దిగగానే శవపేటికలోకి మార్చి సమాధుల తోటకి లేపుతారు. ఆ లోపల యేసుపాదం ఒక్కటి తేల్చుకోవాలి, ఒళ్ళో ఉన్న ప్లేటు వెయ్యడమా, మానడమా. వెయ్యమని అడిగింది రెబ్కా. వేస్తే ప్రార్థన చెయ్యనన్నది పాస్టరు సాల్మన్ అయ్యగారు. ఒకరు మాట వెనక్కి తీసుకునే స్థితిలో లేరు, రెండోవారు తీసుకునే వయసులో లేరు.

ఫ్రీజర్ పెట్టె మూలుగుతోంది. ఎక్కడో వైరు వదులుగా ఉంది, ఎర్తింగు సరిగా ఇవ్వలేదు వెధవలు, ఒక్క స్క్రూ బిగిస్తే ఈ మూలుగు ఆగిపోతుంది అనుకున్నాడు యేసుపాదం. చెయ్యి జేబులో స్క్రూడ్రైవరు కోసం వెళ్ళింది కూడా. అంతలోనే సిగ్గేసింది. పెళ్ళాం చచ్చిపోతే మూలుగు కనిపెట్టే మగాడు ఎక్కడైనా ఉంటాడా, ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు, ఆమె ఉన్నన్నాళ్ళూ అనేది, నీకు నా దగ్గు వినబడదు గానీ పక్కూళ్ళో గొట్టం చిరిగితే వినబడుద్దయ్యా అని. దగ్గు నిజంగానే వినలేదు. ఏళ్ళ తరబడి కోల్డ్ స్టోరేజీ షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసిన మనిషికి దగ్గు లేకపోతే కదా వినాలి. ఇప్పుడూ కళ్ళాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, పొలం వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ఆ ఘాటు షామియానాలోకి వచ్చి వాలుతోంది. కూర్చున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. మిరప కోతల్లో పోయినవాళ్ళకి ఇదొక లాభం, ఎవరు ఏడ్చారో ఎవరు ఏడవలేదో లెక్క తేలదు. ఆ పసుపు చీరావిడ ఏడాదిగా మా గడప తొక్కలేదు, ఇవాళ చూడు ముక్కు ఎలా చీదుతోందో. నా మీద కోపమా, రెబ్కా మీద ప్రేమా, కాయ ఘాటా? అడిగితే ఆవిడకీ తెలియదు. పోనీ నేను ఏడుస్తున్నానా? కళ్ళు తడిగానే ఉన్నాయి. గాలి మాత్రం పొలం వైపు నుంచే వస్తోంది.

తువ్వాలు మీద నుంచే ప్లేటు అంచు తడిమాడు. చల్లగా ఉంది. ఇది చేతికొచ్చిన రోజూ ఇంత చల్లగానే ఉంది. గుంటూరులో మిషను బంగళా ఖాళీ చేసి ఆఖరి దొరసాని విమానమెక్కిన ఏడు, అక్కడ వంట చేసిన యేసుపాదం తండ్రికి ఆమె ఒక చెక్కపెట్టె ఇచ్చి వెళ్ళింది. నిండా ప్లేట్లు. తండ్రి దాన్ని ఎద్దుబండి మీద గడ్డిలో పడుకోబెట్టి తెచ్చాడు, పురిటి బిడ్డని తెచ్చినట్టు. అప్పటికి యేసుపాదం మైకు షాపులో బ్యాటరీలు మోసే కుర్రాడు. ఈ పెట్టెతో సొంత షాపు పెట్టుకున్నాడు. పెట్టె మిషను బంగళా నుంచి వచ్చింది కాబట్టి అందులో ఉన్నవన్నీ దేవుడి పాటలే. సందేహం ఎవరికొస్తుంది? దొరసాని ఇంటి కుక్క మొరిగినా కీర్తనే అనుకునే రోజులవి. ఒక ప్లేటుకి మాత్రం నడిమధ్య కాగితం ఊడిపోయి పేరు లేదు. అందులో ముందు ఒక క్లారినెట్టు మొదలయ్యేది, గొడ్లచావిట్లో ఆవు పోయినప్పుడు దూడ అరిచినట్టు. తర్వాత ఒక మగగొంతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లో తెల్లవార్లూ నిప్పు కాచినవాడి గొంతు ఎలా ఉంటుందో అలా గరగరలాడేది. ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లీషు కదా, దేవుడికి దగ్గర భాష, మనకి అర్థం కాకపోవడమే మర్యాద.

తండ్రి పోయిన రోజున చేతికి అందిన ప్లేటు అదే. శవపు పెట్టె లేపుతుండగా క్లారినెట్టు లేచింది, పేట పేటంతా ఘొల్లుమంది. సగం అయ్యాక ఆ పాట ఉన్నట్టుండి తిరగబడింది. డప్పులాంటిదేదో అందుకుంది, క్లారినెట్టు గంతులేసింది, ఆ గరగర గొంతు నవ్వడం మొదలెట్టింది. యేసుపాదం ప్లేటు మీది ముల్లు లేపబోయాడు. కానీ అప్పటి సంఘపెద్ద చెయ్యెత్తి అందరికీ వినబడేలా చెప్పాడు: "మొదటి సగం మనదిరా. రెండో సగం పోయినాయనది. ఇక్కడ మనం ఏడుస్తున్నాం, అక్కడాయన పరలోకం గేటు దాటి ఎగురుతున్నాడు." అంతే. దానికి గేటు పాట అని పేరు పడిపోయింది. గేటు పాట లేని చావు చావే కాదు. మంచాన పడ్డవాళ్ళు మందుల గురించి కాదు, అబ్బాయ్ నాకు గేటు పాట వేస్తావుగా అని యేసుపాదం చెయ్యి పట్టుకుని అడిగేవాళ్ళు. ఊళ్ళో రైతులు కూడా, మీ దేవుడి పాటే అయినా మా నాయనకి వెయ్యవయ్యా, వెళ్ళేవాడు హుషారుగా వెళ్తాడు అని కబురు పెట్టేవాళ్ళు. నిజం చెప్పాలంటే గుంటూరు జడ్జీగారు ఒక్కసారీ వాయిదా వెయ్యలేదు. చేపల సంగతీ వదిలెయ్యండి. గాలి అనుకూలిస్తే ఆ గొట్టం పొగాకు బ్యారన్ల దాకా వినబడేది, ఎదురుగాలైతే పందిట్లో పెళ్ళికొడుక్కే వినబడేది కాదు. అయినా బ్యారన్ల ఇవతల చచ్చిపోయినవాళ్ళు చాలరూ ఒక మనిషి గొప్పవాడవడానికి?

ఒక తుఫానులో గొట్టం కూలి ప్లేటు మీద గీత పడింది, సరిగ్గా ఏడుపుకీ గంతులకీ మధ్య. ముల్లు అక్కడికొచ్చి ఇరుక్కుపోతుంది. పట్టించుకోకపోతే ఆ ఏడుపు ముక్కే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, పోయినవాళ్ళు గేటు దగ్గరే నిలబడిపోతారు. అదును చూసి చిటికెన వేలి గోటితో ముల్లుని ఇంతంటే ఇంత నెట్టాలి. ఆ అదును యేసుపాదం గోటికి తప్ప లోకంలో ఇంకెవరికీ పట్టుబడలేదు. చిన్ననాటి స్నేహితుడు బుడాన్, గొట్టాలు కట్టడంలో మొనగాడే, ఒకసారి ప్రయత్నిస్తే ముల్లు జారి ఏకంగా ప్లేటు చివరికి పోయింది. ఆ పోయినాయన గేటు ఎక్కడుందో చూడకుండానే లోపల పడ్డాడు. అందుకని యేసుపాదం ఎవరి పెట్టె వెనకా నడిచిన పాపాన పోలేదు. గీత లేనప్పుడు ప్లేటు వెయ్యాలని తండ్రి పెట్టె వెనకా నడవలేదు, గీత పడ్డాక తల్లి పెట్టె వెనకా నడవలేదు. జనమంతా అటు, ఆయన ఇటు, ఖాళీ కుర్చీల మధ్య ప్లేటు మిషను దగ్గర, చిటికెన వేలు గాల్లో పెట్టుకుని. మైకు మనిషికి సమాధుల తోట ఎటుందో తెలియనక్కర్లేదు, శబ్దం అటు పోతే చాలు.

ఇదంతా కూల్చింది జెస్సీ. పాపం దాని తప్పేముంది. కూతురి కూతురు, బ్రాడీపేటలో కోచింగు, తాతంటే ప్రాణం. పోయినేడు ఒక ముసలాయన భూస్థాపన ఫోన్లో తీసి, మా తాతయ్య గేటు పాట అని పేరు పెట్టి లోకానికి వదిలింది. లోకం చూసింది. ఎవరో బాగా చదువుకున్నాయన కింద రాశాడట, ఇది కీర్తన కాదు, ఒకప్పుడు అమెరికాలో సారా కొట్లలో ఆడిన జాజ్ పాట, పాడింది ఫలానా నల్లాయన, అర్థం ఏమిటంటే అమ్మాయీ గ్లాసు నింపు, చెప్పులు విప్పు, తెల్లారేదాకా ఎగురుదాం అని. దాని కింద నవ్వే బొమ్మలు. శవం ముందు బారు పాట, వీళ్ళకి బుద్ధి లేదు, ఇదేనా వీళ్ళ భక్తి. హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్న పేట పిల్లలకి ఆఫీసుల్లో ఎవరో చూపించి నవ్వారు. వాళ్ళు ఇళ్ళకి ఫోన్లు చేశారు. జెస్సీ వీడియో తీసేసింది, ఏడుస్తూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ నల్లాయన బొమ్మ ఫోన్లో చూపించింది. కోటు వేసుకుని, బుగ్గలు పొంగించి క్లారినెట్టు ఊదుతున్నాడు. ఎన్నేళ్ళు కలిసి పనిచేశాం మనిద్దరం, ఇవాళా నీ మొహం చూడటం, అనుకున్నాడు యేసుపాదం. కోపం రాలేదు. ఆయనేం చేస్తాడు? తాగేవాళ్ళ కోసం పాడుకున్నాడు, మేమే మా చచ్చినవాళ్ళ కోసం తెచ్చుకున్నాం. కోపం వచ్చింది పేట మీద. మా అమ్మని బారు పాటతో పంపావా అని ఒకడు గల్లా పట్టుకున్నాడు. ఆ రోజు వాడు ఆ పాటకి నేల మీద పడి దొర్లాడు, లేపి నీళ్ళు తాగించింది రెబ్కా. చెవులు అవే, పాట అదే, కన్నీళ్ళు అవే. కొత్తగా తెలిసింది అర్థం ఒక్కటే. అర్థం తెలిసేసరికి ఏడ్చిన ఏడుపంతా వెనక్కి ఇచ్చెయ్యమంటున్నారు. ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

ఆ రాత్రి గూట్లో ప్లేటు చూస్తూ, మా నాన్నని సారా కొట్టుకి పంపానే అని తల కొట్టుకుంటుంటే రెబ్కా నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "నాకు తెలుసు లేవయ్యా. మొదటి రోజే తెలుసు." పెళ్ళికి ముందు ఆమె ఆ బంగళాలోనే చీపురు పట్టింది. ఒక మధ్యాహ్నం కర్టెన్లు వేసిన గదిలో ఈ ప్లేటు మోగుతుంటే తలుపు తోసింది. దొరసాని ఒక్కతే, చెప్పులు విప్పేసి, గౌను మోకాళ్ళ దాకా పట్టుకుని, ఎగురుతోందట. అంత పెద్దావిడ, బైబిలు క్లాసు చెప్పే ఆవిడ. రెబ్కాని చూసి ఆగలేదు. పెదాల మీద వేలు పెట్టి చూపించి మళ్ళీ ఎగిరిందట. "మీ నాన్న పెట్టె ముందు నువ్వది వేసినప్పుడు చెబుదామనుకున్నా. అంత జనం ఏడుస్తుంటే ఏమని చెప్పను? ఎవరి కొంప ముంచింది గనక." తర్వాత కాసేపాగి, దగ్గు సర్దుకుని, "నాకూ అదే వెయ్యి. ఆ దొరసాని మొహం ఎలా ఉందనుకున్నావు! నేను ఒక్కనాడైనా అట్టా ఎగిరానా?" అంది.

అక్కడే ముల్లు ఇరుక్కుంది. ఏడాదిగా ఇరుక్కునే ఉంది. ప్రతి చావులోనూ రెబ్కా ఆడవాళ్ళ మధ్య నిలబడి, గేటు పాట మొదలవగానే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మిషను దగ్గర్నుంచి చూసేవాడు, భుజాలు కదిలేవి. నా రెబ్కాది ఎంత మెత్తని గుండె, ఎవరు పోయినా ఇంతలా ఏడుస్తుంది అనుకునేవాడు. ఏడ్చిందా? నవ్విందా? జనం ఏడుస్తుంటే, నేను పెద్ద పాస్టరులా గోరు పైకెత్తి నిలబడితే, చెంగు వెనక పగలబడి నవ్వుకుందా? ఇంతకాలం నన్ను చూసి నవ్విన మనిషి పక్కన పడుకున్నానా? అడగలేకపోయాడు. అడుగుదామనుకున్న రోజు ఆమెకి ఊపిరి అందలేదు, ఊపిరి అందిన రోజు ఈయనకి నోరు రాలేదు. ఇప్పుడు ఆ పెట్టె గాజులోంచి చూస్తే మూతి బిగించి పడుకుని ఉంది. చెప్పవే. ఒక్క ముక్క చెప్పిపో. ఫ్రీజరు మూలిగింది.

బుడాన్ బ్యాటరీ మోసుకొచ్చి కాళ్ళ దగ్గర దించాడు. పళ్ళు లేని నోటితో ఆయాసపడుతూ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"ఒరేయ్, గొట్టం కట్టేశా. ఇంకా తేల్చుకోలేదా? నీ పెళ్ళప్పుడూ ఇంతే. చర్చిలో అయ్యగారు ఈమెని ఒప్పుకుంటున్నావా అనడిగితే నువ్వు మైకు వైరు చూస్తా నిలబడ్డావు. ఆవిడే నిన్ను మోచేత్తో పొడిచింది."

"వేస్తే ప్రార్థన ఉండదురా."

"వెయ్యకపోతే రెబ్కమ్మ ఊరుకుంటదా? నాకు భయం లేదు గానీ, నీకు రోజూ కల్లోకొస్తది."

"రానీ. రావాలనే ఉంది."

బుడాన్ లేచాడు. మిషనుకి కీ ఇవ్వడం మొదలెట్టాడు.

సాల్మన్ అయ్యగారు వచ్చి కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. కుర్రాడు, మంచివాడు, గొంతు పెంచడు. ఆ పెంచకపోవడమే యేసుపాదానికి కంటగింపు. అరిచేవాడైతే ఎదురరవొచ్చు.

"తాతగారూ, నా మీద కోపం పెట్టుకోకండి. మామ్మగారంటే నాకు గౌరవం. పెన్‌డ్రైవ్‌లో మంచి కీర్తనలు పెట్టించాను. ఆ పాట మోగితే మాత్రం నేను పెట్టె ముందు నడవలేను."

"మీ తాతకీ అదే వేశాను అయ్యగారూ. మీరప్పుడు మీ అమ్మ చంకలో ఉన్నారు."

"తెలుసండి. అర్థం తెలిసిన రోజు మా నాన్న అన్నం ముట్టలేదు. తన చేత్తో తండ్రిని పంపానని." అతను ఒళ్ళో బైబిలు తెరిచాడు. "మీకు అది పాట. మా ఇంట్లో అది గాయం."

యేసుపాదం తలూపాడు. కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. అవతల వీధి చివర బస్సు హారను మోగింది, ఆడవాళ్ళు లేచారు, రెబ్కా తమ్ముడు అక్కా అంటూ పరుగెత్తుకొచ్చి గాజు మీద పడ్డాడు. ఫ్రీజరు మూలుగు ఆపేశారు. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో యేసుపాదానికి చెవులు హోరెత్తాయి. అందరూ దీన్ని అడిగి వేయించుకున్నారు, అనుకున్నాడు. అయ్యలు, అమ్మలు, రైతులు, సంఘపెద్దలు. ఒక్కళ్ళకీ ఇదేమిటో తెలియదు. తెలిసి అడిగింది రెబ్కా ఒక్కతే. గ్లాసు, చెప్పులు, తెల్లారేదాకా ఎగరడం, అన్నీ తెలిసి, నాకిదే కావాలి అన్నది ఒక్క మనిషి. తెలియనివాళ్ళందరికీ వేసి, తెలిసి అడిగినదానికి ఎగ్గొడతానా? నన్ను చూసి నవ్విందే అనుకో. నవ్వినదాని పాట నవ్వినదానికి వెయ్యాలిగా.

శవపేటిక భుజాల మీదకి లేచింది. "బావా, రా, పెట్టె వెనక మొదట నువ్వే నడవాలి" అని తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు తగిలింది ఆయనకి. ప్లేటు వేస్తే మిషను దగ్గరే ఉండాలి. గీత ఉంది, గోరు ఉండాలి. రెబ్కా వెనక నడవడం కుదరదు. ఆమెకి ఈ సంగతి తెలియదా? ప్రతిసారీ నన్ను మిషను దగ్గర వదిలేసి జనంతో వెళ్ళింది తనే కదా. తెలిసే అడిగిందన్నమాట. గుంట దగ్గర నేను నిలబడలేనని అడిగిందా, వెనక రావద్దని అడిగిందా? చచ్చి కూడా ఒక్కటీ తేల్చి చెప్పదు ఈ మనిషి.

"మీరు పదండి" అన్నాడు. తువ్వాలు విప్పి ప్లేటు పెట్టి, ముల్లు దించాడు.

క్లారినెట్టు ఏడుస్తూ లేచింది. సాల్మన్ అయ్యగారు ఒక్క క్షణం నిలబడ్డాడు, బైబిలు మూసి చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా మోటారు సైకిలు దగ్గరికి నడిచాడు. కీర్తనలకని ఆయనతో వచ్చిన కీబోర్డు కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. జెస్సీ చుట్టూ చూసి, ఎవరూ కదలకపోతే తనే తల మీద ముసుగు వేసుకుని, బైబిలు తీసుకుని పెట్టె ముందుకెళ్ళి నిలబడింది. పెట్టె మోసేవాళ్ళు వీధి మలుపులో ఆగారు. పాట అయ్యేదాకా ఎండలో ఆగే ఉన్నారు. ఇటు గరగర గొంతు గీత దాకా వచ్చింది. ముల్లు ఇరుక్కుంది. ఏడుపు ముక్క ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది. యేసుపాదం చిటికెన వేలు గాల్లోనే ఉంది. ఇంకా తిరిగింది. నెట్టాడంటే అయిపోయినట్టే. "ఒరేయ్, పంపరా" అన్నాడు బుడాన్ మెల్లగా. అప్పుడు నెట్టాడు.

పెట్టె మోసేవాళ్ళు ఆగారన్నానే, అదొక్కటి నేను కల్పించింది. అంతకాలం అందరినీ పంపినవాడికి ఆ మాత్రం మర్యాదైనా చేద్దామని చెప్పాను. వాళ్ళు ఆగలేదు. పాట చెవిన పడకుండా నడక పెంచారు, జెస్సీ వాళ్ళ ముందు పరుగులాంటి నడక నడవాల్సొచ్చింది. గంతులు మొదలయ్యేసరికి మలుపులో దుమ్ము తప్ప ఎవరూ లేరు. మిగతాదంతా జరిగినట్టే చెప్పాను. రెబ్కా పాట చివరిదాకా మోగింది, బుడానూ ప్లాస్టిక్ కుర్చీలూ విన్నారు.